ఆగని లోడు, ఉప్పు గాలి: మైనింగ్ మిషన్‌కి కరెంటు ఇచ్చే ముందు

బాత్రూంలో ఉండే 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది. బిట్‌కాయిన్ మైనింగ్‌కి వాడే యాంట్‌మైనర్ ఎస్19 మిషన్ రేటింగ్ 3250 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర 14.1 ఆంపియర్లు. టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే మీటరు) తగిలించి చూస్తే రెండిటికీ పెద్ద తేడా కనపడదు. అందుకే ఎలక్ట్రీషియన్ "గీజర్ లోడే కదండీ, 16 ఆంపియర్ల ప్లగ్గు సరిపోద్ది" అనేస్తాడు.

తేడా ఆంపియర్లలో లేదు, గంటల్లో ఉంది. గీజర్ పది నిమిషాలు నడిచి ఆగుతుంది. ఈలోపు వేడెక్కిన సాకెట్టు, వైరు, ఎంసిబి (లోడు మించితే తనే తెగే స్విచ్) మళ్లీ చల్లబడతాయి. మైనింగ్ మిషన్ పగలూ రాత్రీ అదే 14 ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది. రోజుకి 78 యూనిట్లు, నెలకి 2340. వదులుగా ఉన్న స్క్రూ దగ్గర పుట్టిన వేడికి పోయే తీరిక దొరకదు. వేడికి ఇత్తడి పత్తీ పట్టు సడలుతుంది, పట్టు సడలితే వేడి ఇంకా పెరుగుతుంది. ఇంటి వైరింగులో పదేళ్లు దాక్కున్న లోపాన్ని ఈ లోడు కొన్ని వారాల్లో బయటికి లాగుతుంది. కాబట్టి "ఆన్ చేశాం, తిరుగుతోంది, ట్రిప్ అవలేదు" అన్నది పరీక్ష కాదు.

2024 ఏప్రిల్‌లో మైనింగ్‌లో ఒక్కో బ్లాకుకి (లావాదేవీల కట్టకి) వచ్చే ప్రతిఫలం 6.25 నుంచి 3.125 బిట్‌కాయిన్లకి పడిపోయాక పాత మోడళ్లకి కరెంటు ఖర్చు గిట్టుబాటు కావడం మరీ కష్టమైంది. అలాంటివి సెకండ్ హ్యాండ్‌లో చౌకగా చేతులు మారుతుంటాయి. (కొనేముందు పన్ను లెక్క కూడా చూసుకోండి. లాభం మీద 30 శాతం కట్టాలి, మిషన్లకి పెట్టిన ఖర్చుని కాయిన్ కొన్న ధరగా ఒప్పుకోబోమని కేంద్రం 2022లోనే పార్లమెంటులో చెప్పింది.) మిషన్ కొత్తదైనా పాతదైనా విశాఖలో చేయాల్సిన పరీక్షలు అవే. పాతదానికి ఇంకాస్త అనుమానంగా చేయాలి.

ముందు గోడ వైపు

మిషన్ కంటే ముందు అది వేలాడే వైరు సంగతి చూడాలి. గంటల తరబడి ఆగకుండా నడిచే లోడుకి సాకెట్టు, ఎంసిబి రేటింగులో 80 శాతం దాటకుండా చూసుకోవడం మంచి అలవాటు. 16 ఆంపియర్లలో 80 శాతం 12.8. ఎస్19 మొదటి మెట్టు మీదే తప్పింది. పైగా ఈ పవర్ సప్లైలు స్థిర పవర్ లాగుతాయి: వోల్టేజి 210కి పడితే కరెంటు తగ్గదు, 15.5 ఆంపియర్లకి పెరుగుతుంది. దీనికి 32 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్టు, దాని నుంచి సి13 (కంప్యూటరు పవర్ కార్డు రకం) అవుట్‌లెట్లున్న పిడియు, అంటే కరెంటు పంచే పట్టీ, పెట్టడం సరైన దారి. ఎస్19కి రెండు పవర్ కార్డులుంటాయి, ఒక్కోదాంట్లో 7 ఆంపియర్లు. 10 ఆంపియర్ల సి13 కనెక్టరుకి అది హాయిగా మోయగల లోడే. ఆ రెండు కార్డుల్నీ తెచ్చి ఒకే స్పైక్ బస్టర్‌లో గుచ్చడంతో కథ మొదలవుతుంది. బజారులో దొరికే చాలా స్పైక్ బస్టర్ల లోపలి వైరు 14 ఆంపియర్లని రాత్రంతా మోయడానికి పెట్టింది కాదు.

ఇప్పుడు వైరు. గొట్టంలో వేసిన 2.5 స్క్వేర్ ఎంఎం రాగి పివిసి వైరు 30 డిగ్రీల వాతావరణంలో 24 ఆంపియర్లు మోస్తుంది. 14కి 24 చాలదా అనిపిస్తుంది. మిషన్ల వెనక వేడి గాలి వచ్చే వైపు ఆ గొట్టం వెళ్తే అక్కడ 50 డిగ్రీలు మామూలే. 50 డిగ్రీలకి తగ్గింపు గుణకం 0.71, కాబట్టి 24 కాస్తా 17 అవుతుంది. అదే గొట్టంలో మూడు మిషన్ల వైర్లు కలిపి లాగితే ఇంకో 0.70 గుణకం పడి 11.9కి దిగుతుంది. కావలసింది 14.1. అదే లెక్క 4 స్క్వేర్ ఎంఎంకి వేస్తే 15.9 వస్తుంది. బొటాబొటీగా గట్టెక్కినా 25 శాతం మిగులు ఉంచుకోవాలంటే 17.6 కావాలి, అంటే 6 స్క్వేర్ ఎంఎం (20.4). లేదంటే గొట్టాన్ని చల్లగాలి వైపు తిప్పి, ఒక్కో సర్క్యూట్‌కి వేరే గొట్టం వేస్తే 4తోనే పని జరుగుతుంది. వైరు ఖర్చు కంటే గొట్టం దారి మార్చడమే చవక.

కరెంటు లేకుండా చేసేవి

కార్డులు రెండూ తీసేసి పది నిమిషాలు వదిలేయాలి. పవర్ సప్లై లోపల ఉండే పెద్ద కెపాసిటర్లు 400 వోల్టుల దాకా నిలవ చేసుకుంటాయి. ఒక్క కార్డు పీకి "ఆఫ్ చేశాను" అనుకోవద్దు, రెండోది ఉన్నంతసేపు మిషన్ బతికున్నట్టే. ఈ రెండు కార్డులూ ఒకే ఫేజుకి, ఒకే ఎంసిబి కిందికి రావాలన్నది కూడా అందుకే.

మొదట కళ్లతో చూడటం. సి13 మూతి లోపల గోధుమరంగు మచ్చ, కార్డు చివర గట్టిపడిన పివిసి, హ్యాష్‌బోర్డుకి (మైనింగ్ చిప్పులుండే బోర్డుకి) వెళ్లే రాగి పట్టీల స్క్రూల దగ్గర రంగు మారడం, ఇవి దొరికితే మీటర్లు తీయక ముందే సగం రిపోర్టు రాసేయొచ్చు. ఎస్9 లాంటి పాత మిషన్లలో చూడాల్సింది ఆరు పిన్నుల ప్లగ్గుల్ని. దానికి పది ప్లగ్గులుంటాయి: బోర్డుకి మూడు చొప్పున తొమ్మిది, కంట్రోల్ బోర్డుకి ఒకటి. ఒక బోర్డు సుమారు 430 వాట్లు, 12 వోల్టుల దగ్గర 36 ఆంపియర్లు. ప్లగ్గుకి 12, అందులో ఉన్న మూడు పాజిటివ్ పిన్నులకి తలా 4. మూడు ప్లగ్గుల్లో ఒకటి వదులైతే మిగతా రెండిట్లో పిన్నుకి 6 ఆంపియర్లు పడతాయి. కరెంటు ఒకటిన్నర రెట్లే పెరిగింది, కానీ వేడి కరెంటు వర్గానికి (స్క్వేర్‌కి) తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి రెండుంపావు రెట్లవుతుంది. కరిగిన ప్లగ్గు పక్కన తప్పు చేసింది చాలాసార్లు ఇంకో ప్లగ్గే. కరిగినదాన్ని మాత్రం మార్చి, వదులైనదాన్ని అలాగే వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ అదే పని. ఇంకో మాట, ఒక బోర్డుకి రెండు వేర్వేరు పవర్ సప్లైల నుంచి ప్లగ్గులు కలపకూడదు.

తర్వాత ఎర్త్ కంటిన్యుటీ, అంటే ఎర్త్ దారి ఎక్కడా తెగకుండా ఉందా అన్నది. కార్డు ఎర్త్ పిన్ను నుంచి మిషన్ బాడీ మీద పెయింటు లేని స్క్రూ దాకా 0.1 ఓమ్ దాటకూడదు, కార్డు రెసిస్టెన్సు దానికి అదనం. 1.5 స్క్వేర్ ఎంఎం కార్డు ఒకటిన్నర మీటరుకి 0.02 ఓమ్‌లోపే ఉంటుంది. దీన్ని మామూలు మల్టీమీటరుతో తేల్చలేం. దాని ప్రోబుల రెసిస్టెన్సే 0.2 దాకా ఉంటుంది. పైగా అది పంపే చిన్న కరెంటుకి తెగిపోగా మిగిలిన ఒకే ఒక్క రాగి పోగు చాలు, బీప్ కొట్టేస్తుంది. 10 లేదా 25 ఆంపియర్లు పంపే ఎర్త్ బాండ్ టెస్టర్ వాడితే ఆ ఒంటి పోగు నిజం ఒప్పుకుంటుంది. రెండు కార్డుల్నీ విడివిడిగా పరీక్షించాలి. రెండూ తగిలించి చూస్తే ఒకదాని ఎర్త్ తెగిపోయినా రెండోది కప్పిపెడుతుంది.

ఆ తర్వాత మెగ్గర్, అంటే ఇన్సులేషన్ గట్టిదనాన్ని కొలిచే మీటరు. ఫేజు, న్యూట్రల్ పిన్నులు రెండిటినీ కలిపేసి, ఆ జంటకీ ఎర్త్‌కీ మధ్య 500 వోల్టుల డిసి ఇస్తారు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 500 పెట్టేస్తే లోపలి భాగాలు పాడవుతాయి, అందుకే కలపడం. 1 మెగా ఓమ్ కంటే తక్కువొస్తే మిషన్ పక్కన పెట్టాలి. 500 దగ్గర రీడింగు అనుమానంగా పడిపోతూ 250 దగ్గర బాగుంటే, లోపల ఫేజు నుంచి ఎర్త్‌కి వేసిన సర్జ్ వేరిస్టర్ (ఎక్కువైన వోల్టేజిని మళ్లించే భాగం) పనిచేస్తూ ఉండొచ్చు. అది లోపం కాదు. అంకె కంటే దాని నడక ముఖ్యం. మార్చిలో 60 మెగా ఓమ్‌లు ఉన్న మిషన్ సెప్టెంబరులో 3 చూపిస్తే అది పాసే, కానీ లోపల ఏదో జరుగుతోంది. పరీక్ష అయ్యాక మెగ్గర్ లీడ్లు వెంటనే పీకేయకుండా డిశ్చార్జి కానివ్వాలి, ఫిల్టర్ కెపాసిటర్లు ఆ వోల్టేజిని పట్టుకుని ఉంటాయి. తయారీదారు ఫ్యాక్టరీలో చేసే 1500 వోల్టుల హైపాట్ (అధిక వోల్టేజి) పరీక్షని సైటులో మళ్లీ చేయాలనే ఉత్సాహం వద్దు. ప్రతిసారీ ఇన్సులేషన్ ఆయుష్షు కొంత తింటుంది.

ఎర్త్ పిట్ ఉంది కదా అన్న ధీమా

మన ఊళ్లో ఎక్కువమందికి ఉన్న అపోహ ఇది: ఎర్త్ 5 ఓమ్‌లు ఉంది, బాడీకి కరెంటు వస్తే ఎంసిబి కొట్టేస్తుంది. లెక్క వేసి చూద్దాం.

మన పిట్ 5 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎర్త్ 1 ఓమ్ అనుకుందాం. మిషన్ లోపల ఫేజు వైరు బాడీకి తగిలింది. నేల గుండా తిరిగెళ్లే కరెంటు 230ని 6తో భాగిస్తే 38 ఆంపియర్లు. సి రకం 20 ఆంపియర్ల ఎంసిబి తక్షణం కొట్టాలంటే దాని రేటింగుకి 5 నుంచి 10 రెట్లు, అంటే 100 నుంచి 200 ఆంపియర్లు కావాలి. 38కి అది లోపలి వేడి పత్తీ వంగేదాకా ఆగుతుంది, నిమిషం దాటినా ట్రిప్ కాకపోవచ్చు. ఆ నిమిషమంతా మిషన్ బాడీ మీద 38ని 5తో గుణిస్తే వచ్చే 190 వోల్టులు నిలబడి ఉంటాయి. పిట్‌ని కష్టపడి 1 ఓమ్‌కి దించినా కరెంటు 115 ఆంపియర్లు. 100కీ 200కీ మధ్య అది కొట్టొచ్చు, కొట్టకపోనూ వచ్చు.

ఇక్కడ ప్రాణం కాపాడేది ఆర్‌సిసిబి, అంటే కరెంటు ఎర్త్‌కి లీకైతే తెంపే స్విచ్. దానికి 38 ఆంపియర్లు అక్కర్లేదు, 30 మిల్లీ ఆంపియర్లు చాలు. ఎర్త్ పిట్ ఆ చిన్న కరెంటుకి దారి ఇస్తుంది, ఆర్‌సిసిబి దాన్ని చూసి తెంపుతుంది. రెండూ కలిసి ఉండాలి.

ఆర్‌సిసిబి పెట్టగానే కొత్త తలనొప్పి మొదలవుతుంది: ఊరికే ట్రిప్ అవుతుంటుంది. ప్రతి పవర్ సప్లైలోనూ ఇఎంఐ (విద్యుత్ అలజడిని అడ్డుకునే) ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచి ఎర్త్‌కి కాస్త కరెంటు వదులుతూనే ఉంటాయి. ప్లగ్గు పెట్టి వాడే ఎర్త్ ఉన్న పరికరాలకి పరిమితి 3.5 మిల్లీ ఆంపియర్లు. (ఎర్త్ లేని ప్లగ్గులో గుచ్చి బాడీ ముట్టుకుంటే జివ్వుమనేది దీనివల్లే.) మీ మిషన్ కొలతలో 2.5 వచ్చిందనుకోండి. ఎనిమిది మిషన్లు ఒకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సిసిబి కింద ఉంటే 20 అయిపోయింది, అది ప్రమాణం ప్రకారమే 15 దాటాక ఎప్పుడైనా కొట్టొచ్చు. అప్పుడు జరిగేది తెలిసిందే: ఎవరో ఒకరు ఆర్‌సిసిబిని బైపాస్ చేస్తారు, లేదా 300 మిల్లీ ఆంపియర్లది తెచ్చి పెడతారు. 300ది మంటల నుంచి కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. సరైన మందు విభజన. ఎప్పుడూ ఉండే లీకేజి రేటింగులో 30 శాతం, అంటే 9 మిల్లీ ఆంపియర్లు దాటకుండా మూడేసి మిషన్లకి ఒక ఆర్‌సిసిబి. రకం 'ఏ' అడిగి తీసుకోవాలి. ఏసి రకం రెక్టిఫైయర్ లోపాల్లో వచ్చే పల్సేటింగ్ డిసిని (ఒకే దిశలో ఉండుండి వచ్చే కరెంటుని) సరిగ్గా గుర్తించదు. లీకేజి కొలవాలంటే మిల్లీ ఆంపియర్లు చూపే లీకేజి క్లాంపుని ఫేజు, న్యూట్రల్ రెండిటి చుట్టూ కలిపి పెట్టాలి. ఒక్క ఫేజు చుట్టూ పెడితే లోడే కనపడుతుంది.

ఆర్‌సిసిబి మీదున్న టెస్ట్ బటన్ లోపలి మెకానిజం కదులుతోందని మాత్రం చెబుతుంది, ఎర్త్ ఉందో లేదో దానికి తెలీదు. టెస్టరుతో 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర 300 మిల్లీ సెకన్లలోపు, దానికి అయిదు రెట్ల దగ్గర 40 మిల్లీ సెకన్లలోపు తెగుతోందా చూడాలి.

పిట్ సంగతి. ఎర్తింగు మీదున్న భారత ప్రమాణం ఐఎస్ 3043 ప్రకారం పైపు ఎలక్ట్రోడ్ కనీసం రెండున్నర మీటర్లు ఉండాలి. మధురవాడ వైపు కొండ వాలులో రాయి తగిలి మీటరున్నర దగ్గరే ఆపేసిన పిట్లు ఉంటాయి, మూత పెట్టాక లోతు ఎవరికీ కనపడదు. బీచ్ వైపు ఇసుకలో దీనికి ఎదురు: చెమ్మ ఉంటుంది, రీడింగు చక్కగా వస్తుంది, కానీ ఉప్పు నీళ్లు జిఐ (జింకు పూత ఇనుప) పైపునీ, ముఖ్యంగా క్లాంపు బోల్టునీ తినేస్తాయి. అక్కడ రాగి పూత ఎలక్ట్రోడ్ వేయాలి. కొలిచేది మండు వేసవిలో, మేలో. ఆగస్టులో వాన పడ్డాక తీసిన రీడింగు పిట్‌ని పొగడటానికి తప్ప పనికిరాదు. కరెంటు ఆపి, పిట్‌ని డిబి (ఎంసిబిలుండే పెట్టె) నుంచి విడదీసి, ఎర్త్ టెస్టరు కరెంటు పంపే మేకు 30 మీటర్ల దూరంలో, వోల్టేజి చూసే మధ్య మేకు సుమారు 18.5 మీటర్ల దగ్గర దిగగొట్టి కొలవాలి. మధ్య మేకుని రెండేసి మీటర్లు అటూ ఇటూ జరిపి ఇంకో రెండు రీడింగులు తీయండి. మూడూ దగ్గరదగ్గరగా రాకపోతే కరెంటు మేకుని ఇంకా దూరం జరపాలి.

"కంప్యూటర్లకి సెపరేట్ ఎర్త్" అని మిషన్లకి విడిగా పిట్ తవ్వించి, దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేయడం ఒక పాత అలవాటు. పిడుగు పడినప్పుడు రెండు పిట్ల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది, అది మిషన్ గుండానే సమానం కావడానికి చూస్తుంది. ఎన్ని పిట్లు తవ్వినా ఒకదానికొకటి కలపాలి.

కరెంటు ఇచ్చాక

త్రీ ఫేజు కనెక్షన్ అయితే అన్నిటికంటే భయపడాల్సింది న్యూట్రల్ ఊడటానికి. ఒక ఫేజులో మూడు మిషన్లు, ఇంకోదాంట్లో ఒకటి ఉండగా న్యూట్రల్ తెగితే, ఫేజుల మధ్య 400 వోల్టులు ఆ లోడుల మధ్య పంచుకోబడతాయి. తక్కువ లోడున్న ఫేజు వోల్టేజి 230 నుంచి 300 పైకి లేస్తుంది. 240 దాకా రాసున్న పవర్ సప్లైకి అది చావు. ముందే పసిగట్టే దారి ఒకటుంది. లోడు లేనప్పుడు, పూర్తి లోడు మీద న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి చూడండి. 1 ఉన్నది లోడు పడగానే 8కి పోతే న్యూట్రల్ జాయింటు ఎక్కడో వదులుగా ఉంది. డిబిలో ఓవర్, అండర్ వోల్టేజి రిలే పెట్టడానికి ఇది చాలినంత కారణం.

లోడు పరీక్ష కనీసం 24 గంటలు. అరగంట అయ్యాక ఒకసారి, రెండు గంటలయ్యాక ఒకసారి, మర్నాడు అదే వేళకి ఒకసారి ప్రతి జాయింటు వేడి రాసుకోవాలి. ఒకే లోడున్న రెండు ఒకేలాంటి కనెక్షన్ల మధ్య తేడా 15 డిగ్రీలు దాటితే ఆపేసి విప్పాలి. 4 నుంచి 15 మధ్య ఉంటే వీలైనంత త్వరగా. థర్మల్ గన్‌తో చూసేటప్పుడు ఒక మోసముంది: మెరిసే రాగి, ఇత్తడి తమ వేడిని దాచుకుని గదిలో వేడిని ప్రతిబింబిస్తాయి. 90 డిగ్రీల లగ్గు (వైరు చివర తొడిగే లోహపు తొడుగు) 45 చూపించగలదు. చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క దానికి అంటించి, ఆ ముక్క మీద చూడాలి. పోగుల వైరుని టెర్మినల్‌లో పెట్టేముందు చివర టంకం పోసిన తప్పు కూడా ఇక్కడే దొరుకుతుంది. టంకం స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా అణిగిపోయి, కొన్ని వారాలకి బిగుతు పోతుంది. క్రింప్ చేసిన (నొక్కి బిగించిన) లగ్గు వాడండి.

మిషన్ ఆగినప్పుడు

నడుస్తున్న మిషన్‌లో చెమ్మ నిలవదు, లోపలంతా వేడి. కానీ దాని ఫ్యాన్లు రోజంతా సముద్రపు గాలిని లాగి, అందులోని ఉప్పుని బోర్డుల మీద, హీట్ సింకు రెక్కల మీద పరిచి పెడతాయి. వానాకాలం వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం చూస్తుంటాం కదా, గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనే నీళ్లు పట్టుకుంటుంది. విశాఖలో ఆ 75 దాటని వానాకాలపు రాత్రి అరుదు. కరెంటు పోయి మిషన్ చల్లబడ్డ గంటల్లో ఆ పొర తడిసి, కరెంటు నడిచే పూతగా మారుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేస్తే ఆ పూత మీద నుంచే 230 వోల్టులు దారి వెతుక్కుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి విరామం తర్వాత నేరుగా ఆన్ చేయకూడదు.

కొన్ని గంటలు ఆగితే పర్లేదు. రోజు దాటితే ముందు తేమ లేని పొడి గాలితో ఊది, మెత్తటి బ్రష్‌తో దులిపి, మెగ్గర్ చూసి, పాత రీడింగుతో పోల్చాలి. బాగా పడిపోతే గదిలో హీటరు పెట్టి ఒక పూట ఆరబెట్టి మళ్లీ చూడాలి. ఎయిర్ కంప్రెసర్ వాడేవాళ్లు ట్యాంకులో నీళ్లు వదిలేయడం మర్చిపోవద్దు, దులపడానికి వెళ్లి తడిపినట్టవుతుంది. బీచ్‌కి దగ్గరలో ఉన్నవాళ్లు గాలి లోపలికొచ్చే వైపు ఫిల్టరు పెట్టుకోవచ్చు, కానీ నెలకోసారైనా మార్చకపోతే అదే మిషన్‌ని ఉడికిస్తుంది. ఏసీ పెట్టి గది మూసేద్దాం అనుకునేవాళ్లకి: ఒక్క ఎస్19 వదిలే వేడి గంటకి దాదాపు 11 వేల బిటియు, అంటే మిషన్‌కి ఇంచుమించు ఒక టన్ను ఏసీ.

కనెక్షన్ కాగితాలు కూడా పరీక్షలో భాగమే. ఇంటి కేటగిరీ మీద తీసుకున్న కనెక్షన్‌తో ఇంకో పని నడిపితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్‌తో లెక్క కడతారు. లోడు పెంచుకోవడానికి కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టేటప్పుడే మెగ్గర్, ఎర్త్ రీడింగులు రాసిన కాగితం తేదీతో సహా ఉంచుకోండి. ఏడాది తర్వాత పోల్చి చూడటానికి అదే మొదటి వరుస.

గది తలుపు బయట, లోపల కాదు, మంటలార్పే ఒక కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వేలాడదీయాలి. పొడి సిలిండర్ మంట ఆర్పుతుంది, కానీ ఆ పొడి మిగతా మిషన్లనీ తినేస్తుంది. మెయిన్ స్విచ్ కూడా ఆ సిలిండర్ పక్కనే, లోపలికి అడుగు పెట్టకుండా చేయి అందేంత దూరంలో ఉండాలి.